పడావు చెట్లును నేలలోని కలుపు విత్తనములును

(మెట్టభూములు గల పట్టాదారు రైతుల ఉపయోగార్థము)

మెట్టసేద్యము చేయు రైతునకు కలుపువలన కలుగు నష్టమును గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. రెండు పర్యాయములు గుంటక తోలి, మఱి రెండు పర్యాయములు కూలివాండ్రచే కలుపు తీయించినను, తరువాతి వాన పడగనే చేను మఱల పచ్చబడుచుండును. ఈ కలుపు ఎక్కడనుండి వచ్చుచున్నదని ప్రశ్నించినచో పలువురు గాలిని, పశువులను, పొరుగు చేని గట్టును కారణముగ చెప్పుదురు. వానివలన కొంత వచ్చుట నిజమే. కాని అధికభాగము వచ్చునది ఆ చేని మట్టిలోనుండియే. గడచిన సంవత్సరములలో రాలి, మొలవక నిలిచియున్న విత్తనములే ఏటేట మొలచుచున్నవి.

అట్టి చేనికి రెండు మూడు సంవత్సరములు పంట మాన్పి, త్వరగ పెరుగు చెట్లను దానిలో దట్టముగ పెంచి, పిదప కొట్టివేసి మఱల పైరు వేయు పద్ధతి ఉష్ణదేశములలో పెక్కుచోట్ల ఆచరణలోనికి వచ్చినది. దీనివలన భూమికి సత్తువ కలుగుట పలువురెఱిగినదే. అయితే కలుపు విత్తనముల నిలువ తగ్గునా, తగ్గినచో ఏ జాతులవి తగ్గును, ఏవి తగ్గవు, రెండు పంటలు వదలుకొనుటకు తగిన ప్రతిఫలము రైతునకు దక్కునా యను విషయములు ఈ పత్రమునందు వివరింపబడుచున్నవి.

1. నేలలోని నిలువ – దాని జమాఖర్చు

ఒక చదరపు గజము సాగునేలలో, నాగలి పాఱు లోతువఱకు, వేలకొలది కలుపు విత్తనము లుండుట సామాన్యము. ఒక్క వయ్యారిభామ మొక్కయే బాగుగ పెరిగినచో పదునైదువేలకు తక్కువకాకుండ విత్తనములను రాల్చగలదు. ఇవి యన్నియు ఒక్కసారి మొలవవు. కొన్ని ఆ యేడే మొలచును. మఱికొన్ని పొట్టు గట్టిదగుటచేతనో, వెలుతురు తగులకుండుటచేతనో నిద్రించునట్లు పడియుండును. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున బీల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో 21 జాతుల విత్తనములను కలిపి 20 సీసాలలో నింపి పాతిపెట్టెను. 2021లో త్రవ్వి తీసిన సీసాలోని విత్తనములలో కొన్ని 141 సంవత్సరముల తరువాతకూడ మొలకెత్తినవి. అది చలిదేశము. వేడియు తేమయు గల ఉష్ణదేశపు నేలలలో విత్తనములు ఇంతకంటె త్వరగ చెడును. అయినను గట్టిపొట్టు గలవి ఇచ్చటను పెక్కేండ్లు నిలుచును.

ఈ నిలువను షావుకారు ఖాతావలె చూడవలయును. కలుపుమొక్క పూచి, గింజకట్టి రాల్చునది జమ. మొలచిపోవునవి, కుళ్లిపోవునవి, చీమలు, పురుగులు, ఎలుకలు, పక్షులు తినునవి ఖర్చు. ఏటేట సగము ఖర్చగు జాతి నొకదానిని ఉదాహరణముగ తీసికొన్నచో, జమ పూర్తిగ ఆగినయెడల మొదటి యేటి చివర సగమును, రెండవ యేటి చివర నాలుగవవంతును, మూడవ యేటి చివర ఎనిమిదవవంతును మిగులును. మధ్యలో ఒక్క యేడు కలుపు గింజకట్టినను ఈ లెక్క తారుమారగును. కావున జమను ఆపుటయే మొదటి పని. పడావు చెట్టు చేయు ముఖ్యమైన మేలు ఇదియే.

2. వట్టి పడావు చాలదు

సత్తువ తగ్గిన చెల్క నేలను ఒకటి రెండేండ్లు పడావు విడుచుట తెలంగాణమున పూర్వాచారము. కాని అట్టి పడావునందు నీడ లేదు. పశువులు మంచి గడ్డిని మేసి, నోటికి పట్టని మొక్కలను విడిచివేయును. విడువబడిన మొక్కలు నిరాటంకముగ పెరిగి గింజ రాల్చును. అందుచేతనే ఒకటి రెండేండ్ల వట్టి పడావు తరువాత దున్నిన చేనిలో కలుపు తగ్గకపోగా ముందుకంటె హెచ్చుగ కనబడును. కొండప్రాంతముల పోడుసేద్యమునందు అడవి మఱల పెరిగి గుబురగువఱకు భూమిని ముట్టకుండుటకు గల కారణములలో కలుపును ఒకటి. నాటిన చెట్ల పడావు ఆ దీర్ఘకాలమును కుదించుటకు చేయు ప్రయత్నము.

3. నీడ చేయు పని

దట్టమైన చెట్టునీడ కలుపు విత్తనములపై నాలుగు విధముల పనిచేయును.

మొదటిది: నీడలో మొలచిన కలుపు సన్నబడి, పూతకు రాక నశించును, వచ్చినను గింజలు కొలదిగ నుండును. ఇట్లు జమ ఆగును.

రెండవది: సన్నగింజల కలుపులకు మొలచుటకు వెలుతురు కావలయును. పచ్చని ఆకులు సూర్యకాంతిలోని ఎఱ్ఱని కిరణములను తాము గ్రహించి, కంటికి కనబడీ కనబడని దూరపు ఎఱుపు కిరణములను క్రిందికి విడుచును. ఎఱ్ఱకాంతి విత్తనమును మేల్కొలుపుననియు, దూరపు ఎఱుపు దానిని మఱల నిద్రపుచ్చుననియు 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు లెట్యూస్ అను ఆకుకూర విత్తనములపై నిరూపించిరి. కావున ఆకుల నీడ, గుడారపు నీడవంటిది కాదు. విత్తనమును పండుకొనియుండుమని చెప్పునట్టిది. ఇది మేలును కీడును కూడ. నిద్రించిన విత్తనము చావలేదని రైతు మఱవరాదు.

మూడవది: బోడినేల పగలు కాగి, రాత్రి చల్లారును. ఈ మార్పు పెక్కు విత్తనములను మొలకకు ప్రేరేపించును. చెట్టు క్రింద ఆ మార్పు తగ్గును.

నాలుగవది: రాలిన ఆకు క్రింద తేమ నిలిచి, బూజులు, చీమలు, పెంకుపురుగులు, ఎలుకలు హెచ్చును. నేలపైని విత్తనములను ఇవి తినివేయును, లేదా కుళ్లించును. లోతున పాతుకొన్న విత్తనములకు వీని బాధ తక్కువ. అందుచే పడావు కాలములో ఎక్కువగ ఖాళీ యగునది పైని రెండు మూడంగుళముల మట్టి. అడుగు మట్టి కాదు. పడావు కొట్టిన తరువాత దున్ను విధమంతయు ఈ యొక్క విషయముపై ఆధారపడియున్నది.

4. ఇతర ప్రాంతముల అనుభవము

నైజీరియాలోని ఇబాదాన్ నగరమున 1967లో స్థాపింపబడిన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ సుబాబులు వరుసల నడుమ పైరు వేయుటను, నేలను కప్పు తీగ చిక్కుళ్లను పెంచుటను పరీక్షించినది. విరామము లేక సాగైన మళ్లయందు కలుపు విత్తనములు పెరుగుచుండుటయు, దట్టమైన ఆచ్ఛాదనము గల మళ్లయందు తగ్గుటయు అచ్చటి పరిశోధకులు గమనించిరి. ఆ ప్రాంతపు రైతులను మిక్కిలి బాధించు ఇంపెరేటా యను దర్భజాతి గడ్డి నీడకు లొంగును.

ఆఫ్రికాలోని జాంబియా తూర్పు మండలమున చిపాటా పట్టణమువద్ద 1980 దశకపు చివర జయంతి చెట్లతో పడావు పరీక్షలు ప్రారంభమైనవి. జయంతి మన అవిసె, జీలుగల జాతికి చెందినది. రెండు మూడేండ్ల జయంతి పడావు తరువాత వేసిన మొక్కజొన్న, ఎరువు లేకుండ ఏటేట వేసిన మొక్కజొన్నకంటె ఎంతయో మేలుగ పండెను. పైరు వేళ్లనంటి బ్రతుకు మల్లె కలుపును తగ్గెను. 1990 దశకమున వేలకొలది రైతులు ఈ పద్ధతి నవలంబించిరి.

హైదరాబాదునకు సమీపమున పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ సంస్థ నెలకొల్పబడినది. అచ్చట 1980 దశకమున సుబాబులు వరుసల మధ్య పైరులు వేసి చూడగా, వాన తక్కువగు నేలలో చెట్టు పైరుతో తేమకొఱకు పోటీపడి దిగుబడిని తగ్గించినది. కావున మన మెట్టలలో చెట్టును పైరును ఒకే కాలమున పెంచుటకంటె, చెట్టు తరువాత పైరును వేయుట యుక్తము.

5. జొన్నమల్లె విషయము

శాస్త్రజ్ఞులు స్ట్రైగా యని పిలుచు జొన్నమల్లె తెల్లని చిన్నపూలు పూయు మొక్క. ఇది జొన్న వేళ్లనంటి ఆహారమును పీల్చును. నేలపైకి కనబడుటకు ముందే కొన్ని వారములు లోపల నుండి పైరును క్రుంగదీయును. దీని విత్తనము ధూళివలె సన్ననిది. ఒక్కొక్క మొక్క వేలకొలది రాల్చును. పదేండ్లకు పైబడియు మట్టిలో జీవముతో నుండగలదు.

ఈ విత్తనము తేమ తగిలినంతమాత్రమున మొలవదు. సమీపమున తగిన వేరు స్రవించు రసము సోకినపుడే మొలచును. 1966లో ఆ పదార్థమును మొదట వేఱుచేసినది ప్రత్తి వేళ్లనుండి. విశేషమేమనగా, ప్రత్తి మల్లెను మొలపించును గాని పోషింపదు. మొలచిన విత్తనము అంటుకొనుటకు వేరు దొరకక కొలదిదినములలో చచ్చును. కంది, వేరుసెనగ, అలసంద, జయంతి వేళ్లును ఇట్లే మోసపుచ్చునవి. కావున మల్లె విషయమున జయంతి పడావు జమను ఆపుటతో సరిపెట్టక ఖర్చును కూడ పెంచును. తరువాత నేలలో నత్రజని హెచ్చుటచే పైరునకు మల్లె తాకిడి మఱికొంత తగ్గును. అయినను రెండేండ్లలో నిలువ నిశ్శేషము కాదు. పడావు తరువాతి జొన్నలో కనబడిన ప్రతి మల్లెమొక్కను పూతకు ముందే పెరికి కాల్చివేయవలయును.

6. నీడకు లొంగనివి

తుంగ విత్తనముకంటె గడ్డలవలన వ్యాపించును. నీడలో దాని ఆకు సన్నబడి, క్రొత్త గడ్డలు తక్కువగ పుట్టును. కాని పాతగడ్డలు నేలలో నిలిచియుండును. గరికయు నీడలో బలహీనపడునే గాని పూర్తిగ పోదు. ఈ రెంటికిని పడావుకు ముందు వేసవి దుక్కి దున్ని గడ్డలను, వేళ్లను ఎండకు ఆరబెట్టి ఏఱివేయుట అవసరము. గట్టిపొట్టు గల కసింత వంటి మొక్కల విత్తనములును పడావును దాటి బ్రతుకును. గాలిచే, వానకాలువచే వచ్చు విత్తనములకు చేనిలోని చెట్టు అడ్డుకాదు. గట్టుమీది కలుపును గింజకట్టకముందే కోయుటయొక్కటే వానికి ఉపాయము.

7. చెట్ల యెంపిక

జయంతి: తేమ నిలుచు నేలలకు తగినది. త్వరగ పెరిగి మొదటి యేడే నీడనిచ్చును. నేలమట్టమున నరికిన మోడు సామాన్యముగ చిగుర్చదు. ఇది రైతునకు సౌకర్యము. మిక్కిలి వర్షాభావము గల చోట్ల వేయరాదు.

కంది: దీర్ఘకాలపు కందిని ఒత్తుగ వేసి రెండేండ్లుంచవచ్చును. నీడ జయంతి నీడవలె చిక్కన కాదు. కాని గింజయు కట్టెయు దక్కును. ఒకటి రెండెకరములు మాత్రమే గల రైతు పంటను పూర్తిగ మానుకొనలేడు గనుక అతనికి ఇదియే తగినది.

గ్లిరిసిడియా: కొమ్మలవలనను, విత్తనమువలనను పెంచవచ్చును. నరికినను చిగుర్చును గనుక గట్లపై వేసి, రొట్టను కోసి చేనికి తోలుట మేలు.

వెంపలి: పొట్టి మొక్క. పశువులు అంతగ ముట్టవు. విత్తనము నేరుగ చల్లవచ్చును. మంద తిరుగుడు ఆపలేని చోట పనికివచ్చును.

సుబాబులు విస్తారముగ కాయలు కాచి తానే కలుపగును. వేసినచో కాయ ముదురకమునుపే నరుకవలయును. సర్కారుతుమ్మను ఏ కారణముచేతను చేనిలోనికి రానీయరాదు. 1877లో కడప ప్రాంతమునకు తేబడిన ఆ చెట్టు, కాయలు తిన్న పశువుల పేడద్వారా ఎంతదూరము వ్యాపించినదో అందఱకు కన్నులయెదుటనే యున్నది.

8. నాటుటయు, మొదటి యేటి జాగ్రత్తయు

మృగశిర, ఆరుద్ర కార్తెలలో మంచి వాన పడినపిదప నాటవలయును. గజమున కొక మొక్క చొప్పున ఎకరమునకు 4,840 మొక్కలు పట్టును. జయంతి నారును ముందుగ మడిలో పెంచి నాటుట మేలు.

పెక్కు పడావులు చెడునది మొదటి రెండు మూడు మాసములలోనే. పంట లేదు గదాయని కలుపు తీయక విడిచినచో, చెట్టు నీడ పట్టుటకు ముందే కలుపు గింజకట్టి, రెండేండ్లలో తగ్గవలసినదానికంటె హెచ్చుగ ఒక్క వానకాలములో జమ చేయును. కావున వరుసల మధ్య రెండు పర్యాయములు గుంటక తోలి, ఒక పర్యాయము చేతితో తీయించుట తప్పనిసరి. కోతల తరువాత ఊరి మందలు చేలపై బడునపుడు పడావునకు ముండ్లకంప వేయవలయును. మేకలు చిగురు కొఱికినచో నీడ విరియును. నీడ విరిసిన చోట కలుపు తలయెత్తును. చచ్చిన మొక్కల స్థానమున వెంటనే క్రొత్తవి నాటవలయును.

9. కొట్టివేయునపుడు

రెండవ లేదా మూడవ వేసవిలో చెట్లను నేలమట్టమునకు నరుకవలయును. వేళ్లు పెకలింపరాదు; అవి లోపలనే కుళ్లి నేలను గుల్లచేయును. దుంగలను, కట్టెను ఇంటికి చేర్చి, ఆకును సన్నకొమ్మలను చేనిలోనే పఱవవలయును. కుప్పవేసి కాల్చుటవలన నత్రజని పోవుటయే గాక, ఆ వేడికి గట్టిపొట్టు విత్తనములు పగిలి మొలకకు సిద్ధమగును.

తొలివానకు ఆ చేనిలో కలుపు ఒక్కమాఱుగ మొలచును. దీనిని చూచి కొందఱు పద్ధతియే వ్యర్థమని నిరాశ చెందుదురు. నిజమునకు అది నిద్రించుచున్న విత్తనములు వెలుతురును, కుళ్లిన ఆకునుండి విడుదలయైన నత్రజనిని పొంది మేల్కొనుట. రైతునకు ఇదియే మంచి సమయము. ఎనిమిది పది దినములు మొలవనిచ్చి, రెండంగుళములకు మించని లోతున గుంటక తోలి, వెంటనే విత్తవలయును. ఇంతకంటె ఆలస్యము చేయరాదు. జొన్నను ఆలసించి విత్తినచో మొవ్వు ఈగ బాధ హెచ్చును.

ఆ యేడు పెద్దనాగలి పెట్టి లోతుదుక్కి దున్నరాదు. దున్నినచో ఖాళీయైన పైమట్టి క్రిందికి పోయి, పాతనిలువ గల అడుగుమట్టి పైకి వచ్చును. రెండేండ్ల త్యాగము ఒక్క దినమున వ్యర్థమగును.

10. రైతు స్వయముగ చేయదగిన పరీక్ష

పడావు వలన నిలువ తగ్గినదో లేదో ఊహింపనక్కఱలేదు, లెక్కపెట్టవచ్చును. నాటుటకు ముందు చేనిలో ఇరువది చోట్ల మూడంగుళముల లోతు మట్టి తీసి, బాగుగ కలిపి, ఱాళ్లు ఏఱివేయవలయును. వెడల్పు మూకుళ్లలో ఇసుక పోసి, దానిపై ఈ మట్టిని అంగుళము మందము పఱచి, వెలుతురు తగులు చోటనుంచి తడుపుచుండవలయును. మొలచిన మొలకలను లెక్కించి పెరికివేయవలయును. క్రొత్తవి రానపుడు వారము దినములు ఆరనిచ్చి, మట్టిని కలియబెట్టి మఱల తడుపవలయును. ఇట్లు మూడుమాఱులు చేసి మొత్తమును వ్రాసియుంచవలయును. చెట్లు కొట్టిన తరువాత అంతే మట్టితో ఇదే పరీక్షను మఱల చేసి, రెండు సంఖ్యలను పోల్చవలయును. ప్రక్కనున్న సాగు చేని మట్టిని కూడ ఉంచినచో ఫలితము మఱింత స్పష్టమగును.

జొన్నమల్లె ఇట్టి మూకుళ్లలో మొలవదు. దానికొఱకు లోతైన కుండలో ఆ మట్టిని నింపి, నాలుగు జొన్నగింజలు వేసి, రెండు మూడు మాసములు చూడవలయును.

11. లాభనష్టములు

రెండు పంటలు లేకపోవుట చిన్న నష్టము కాదు. భూమినంతటిని ఒక్కసారి పడావు పెట్టువాడు అప్పులపాలగును. ఆఱెకరముల రైతు ఏటికి ఒక ఎకరము చొప్పున చెట్లు నాటినయెడల, రెండెకరములు ఎల్లప్పుడు పడావునందును, నాలుగెకరములు సాగునందును ఉండును. ప్రతి ఎకరమును ఆఱేండ్లకొకమాఱు విశ్రాంతి పొందును. వంటకట్టె, పశువుల మేత, నేలకు ఆకు, తరువాతి పైరులకు తగ్గిన కలుపుకూలి, పెరిగిన దిగుబడి – ఇవి ప్రతిఫలములు. కలుపు అంతగ లేని చేనికిని, ఏటేట చెఱువుమట్టితోను చివకని పేడతోను క్రొత్త విత్తనములు చేరు చేనికిని ఈ వ్యయము తగదు. అట్టి చోట ముందుగ ఎరువును గుంటలో బాగుగ చివికించి తోలుట నేర్చుకొనవలయును. మల్లె ముదిరి జొన్న చేతికిరాని చేనికి మాత్రము ఇది తప్పక పరీక్షింపదగినది.

12. ముఖ్యాంశములు

(1) చెట్టు కలుపు విత్తనమును చంపదు. క్రొత్తది రాలకుండ ఆపి, పాతది తఱుగుటకు వ్యవధినిచ్చును.

(2) మొదటి వానకాలములో పడావు చేనికి కలుపు తీయనిచో మేలుకు మాఱు కీడు కలుగును.

(3) మందలనుండి చెట్లను కాపాడి, నీడ విరియకుండ చూడవలయును.

(4) తుంగ, గరికలను వేసవి దుక్కితో ముందుగ బలహీనపఱుపవలయును.

(5) నరికిన తరువాత కాల్చరాదు; లోతుగ దున్నరాదు; తొలికలుపును మొలపించి గుంటకతో నశింపజేయవలయును.

(6) తరువాతి పైరులో మిగిలిన కలుపును గింజకట్టనీయరాదు. రెండేండ్లలో ఖాళీచేసిన నిలువను నింపుటకు అశ్రద్ధ చేసిన ఒక్క పంటకాలము చాలును.